కాలువగట్టు మీది లేత్ షెడ్డు, దాని మేస్త్రిగారు: ఆ మిషన్‌ను, ఆ నోటుపుస్తకాలను ఏం చేయాలి?

కాలువగట్టు (గుంటూరు):

సభ్యులందరికీ నమస్కారం. మా పెద్ద మేనమామగారు మొన్న సంక్రాంతి వెళ్ళాక తొంభై ఒకటో ఏట కాలం చేశారు. దుగ్గిరాల సమీపంలో కాలువగట్టు మీద ఆయనకు ఒక లేత్ షెడ్డు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన అసలు పేరు తెలిసినవారు తక్కువ. ‘లేత్ మేస్త్రిగారు’ అంటే చాలు, పసుపు యార్డు దగ్గర రిక్షా తొక్కేవారు సైతం దారి చూపించేవారు. పిల్లలిద్దరూ దూరప్రాంతాల్లో స్థిరపడ్డారు, షెడ్డు స్థలం కౌలు గడువు ముగియవచ్చింది, అందువల్ల లోపలి సామానంతా కాటా వేయించి పాత ఇనుము కింద ఇచ్చేద్దామన్న మాట పెద్దకర్మ నాడే ఇంట్లో వచ్చింది. నేను వేసవి దాటేవరకు గడువు అడిగాను.

షెడ్డులో ఆరడుగుల లేత్ ఒకటి, చిన్న షేపింగ్ మిషన్ (టూలు ముందుకూ వెనక్కూ కదిలి లోహాన్ని చెక్కేది) ఒకటి, నిలువు డ్రిల్లు, సానరాయి, కొలిమి ఉన్నాయి. వాటి వెనుక రెండు ఇనప పెట్టెలున్నాయి. ఒకదాని నిండా నోటుపుస్తకాలు. రెండవ దానిలో గాలాలు, విసురు వలకు కట్టే సీసపు గుండ్లు పోసే అచ్చు, పాత ఇంజను పిస్టన్ తలను కోసి తయారు చేసిన ఒక రీలు. ఆ రీలును చూస్తే పిస్టన్ రింగులు కూర్చునే గాడి ఆనవాలు ఒక అంచున ఇంకా కనిపిస్తుంది. మధ్యలో గన్‌మెటల్ బుష్ (ఇరుసు తిరిగే తొడుగు) ఉంది. వేలితో తోస్తే ఇప్పటికీ చాలాసేపు తిరుగుతుంది.

ఆయన జీవితం గురించి రెండు మాటలు చెప్పాలి. 1855లో పూర్తయిన పాత కృష్ణా ఆనకట్ట 1952లో తెగినప్పుడు ఆయన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. 1954 నుంచి 1957 వరకు ప్రకాశం బారేజీ కట్టిన రోజుల్లో గేట్ల బిగింపు దగ్గర ఒక ఫిట్టరుకు సహాయకుడిగా చేరి, ఆ పని అయిపోయాక బెజవాడ వన్‌టౌన్‌లోని ఒక వర్క్‌షాపులో టర్నింగ్ నేర్చుకుని, తరువాత సొంత ఊరికి వచ్చి షెడ్డు వేశారు. అప్పటికి ఆ గట్టుకు కరెంటు రాలేదు. ఆయిల్ ఇంజను ఒకటి నడిస్తే పైన దూలాలకు బిగించిన లైన్ షాఫ్ట్ తిరిగేది, దాని మీది నుంచి బెల్టులు కిందికి దిగి లేత్‌ను, డ్రిల్లును తిప్పేవి. పని లేని ఏ పూట అయినా ఆయన షెడ్డులో కనిపించేవారు కారు. కాలువల మీద, కృష్ణ లంకల్లో, కొండవీటి కొండల్లో, కొన్నేళ్ళు మాచర్ల దాటి ఎత్తిపోతల వరకు తిరిగేవారు. చేపలు పట్టేవారు, ఒకప్పుడు తుపాకీ కూడా పట్టారు.

ఈ మిషన్‌కు, ఈ పుస్తకాలకు విలువ ఉందని నేను నమ్ముతున్నాను కాని, ఇంట్లోవారికి నచ్చజెప్పడానికి నమ్మకం చాలదు. పని తెలిసినవారు, ఆ రోజులు చూసినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఇక్కడ పెడుతున్నాను.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):

అయ్యా, ముందు మీ మేనమామగారికి నా నివాళి. కాటా మాట దయచేసి పక్కన పెట్టండి. లేత్ బెడ్ (అడుగు దిమ్మ) పోత ఇనుము. దానిని పగలగొట్టి కరిగిస్తే కిలోకు ఇంత అని డబ్బు వస్తుంది కాని, ఏళ్ళ తరబడి ఒత్తిళ్ళు సడలి స్థిరపడిన అలాంటి బెడ్‌ను ఇప్పుడు కొత్తగా కొనాలంటే దొరకదు. నేను ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు ఈ పనే చేశాను. లారీ బాడీలు కట్టేవారి పక్కన షెడ్డులో యాక్సిళ్ళు, బుష్‌లు, హబ్బులు తిప్పిన మనిషిగా అడుగుతున్నాను: ఆ లేత్ ఎక్కడ పోత పోసినది, పంజాబులోని బటాలాదా, మరొకటా? దాని లీడ్ స్క్రూ (కోసే టూలును జరిపే పొడుగాటి మర) అంగుళాల లెక్కదా, మిల్లీమీటర్లదా? నోటుపుస్తకాల్లో పళ్ళ చక్రాల పట్టికలు ఏమైనా ఉన్నాయా?

ఇలా అడగడానికి కారణం ఉంది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ కొలతలు దశలవారీగా అమలయ్యాయి. అంగట్లో శేరు పోయి కిలో వచ్చిన సంగతి పెద్దవారందరికీ గుర్తుంటుంది. లేత్ షెడ్డులో మాత్రం అంగుళం అంత తేలిగ్గా పోలేదు. పాత ఇంజన్ల మరలన్నీ విట్‌వర్త్ అనే అంగుళాల కొలతలు, మరగాడి కోణం 55 డిగ్రీలు. కొత్తగా వచ్చిన మోటార్లు, పంపులు మెట్రిక్, కోణం 60 డిగ్రీలు. పల్లెలోని మేస్త్రి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి కోయవలసి వచ్చేది. అంగుళానికి నాలుగు చుట్లున్న లీడ్ స్క్రూతో రెండు మిల్లీమీటర్ల మరచుట్టు కోయాలంటే స్పిండిల్ (పని ముక్కను తిప్పే ఇరుసు) వైపు 40 పళ్ళ చక్రం, స్క్రూ వైపు 127 పళ్ళ చక్రం వేయాలి. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కనుక, దానిని అయిదుతో హెచ్చిస్తేగాని పూర్ణసంఖ్య రాదు, ఆ వచ్చే 127ను దేనితోనూ భాగించడానికి వీలుండదు. చాలా పల్లె షెడ్లలో ఆ పెద్ద చక్రమే ఉండేది కాదు. మీ మేనమామగారు దానిని ఎలా దాటారో తెలిస్తే ఆయన ఎంతటి పనివారో నేను చెప్పగలను.

గూడబాతు (గుంటూరు):

చర్చ యంత్రాల వైపు వెళ్ళకముందే ఒక మాట. నేను ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షులను చాలా కాలంగా గమనిస్తున్నాను. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చెరువులోని తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటే, ఊరివారు వాటి జోలికి పోకుండా కాపాడుకుంటున్న చోటు అది. అలాంటి చోట నిలబడి చూసేవాడిగా, తుపాకీ పట్టిన మనిషిని మనం ‘ప్రకృతి ప్రేమికుడు’ అని పొగుడుతూ పోతామేమోనని నాకు సంకోచంగా ఉంది. కొల్లేటి పరజలు, చిలువలు వంటి అడవి బాతులను బస్తాల్లో కుక్కి బజారుకు తెచ్చిన కాలం ఒకటి ఉండేది. ఆయన అందులో ఒకరా, కారా? నిష్ఠూరంగా అడగడం లేదు. ఆయన రాసుకున్న పుస్తకాల్లో ఏ పక్షి, ఏ నెలలో, ఎక్కడ అన్న వివరాలుంటే అవి ఇప్పుడు ఎంతో పనికి వస్తాయి. అందుకే దాచకుండా చెప్పమంటున్నాను.

కాలువగట్టు (గుంటూరు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు తేలిక ప్రశ్న. లేత్ బటాలాదే, లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు చుట్లది. తొలి నోటుపుస్తకంలో రెండు మిల్లీమీటర్ల చుట్టుకు 20, 63 అని రాసి, పక్కన ‘నట్టు వరకు’ అని గీత గీశారు. చాలా పేజీల తరువాత 40, 127 అని ఉంది. ఆ 127 పళ్ళ చక్రాన్ని ఆయనే తయారు చేసుకున్నారు. ఎలాగో మా రెండో మామయ్య చెప్పగా, నోటుపుస్తకంలోని బొమ్మ చూసి నాకు అర్థమైంది.

చెక్క పలకను గుండ్రంగా కోసి లేత్‌కు బిగించి తిప్పుతూ, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారట. దాని అంచు చుట్టూ దర్జీలు వాడే కొలత టేపు చుట్టి, సున్నా గీత మీద 127 సెంటీమీటర్ల గీత సరిగ్గా వచ్చి పడేదాకా ఆ పని సాగింది. అక్కడికి చుట్టుకొలత యాభై అంగుళాలయింది, అదే 127 సెంటీమీటర్లు. అంటే టేపు మీది ఒక్కొక్క సెంటీమీటరు గీత ఒక్కొక్క పన్నుకు గుర్తు. ఆ చెక్క చక్రాన్ని, పళ్ళు కోయవలసిన ఇనప బిళ్ళను ఒకే ఇరుసుకు బిగించి, షేపింగ్ మిషన్ మీద పెట్టి, ఒక సూదిమొన ఎదురుగా ఒక్కొక్క గీతనే తెచ్చి నిలుపుతూ పన్ను తరువాత పన్ను కోశారు. గీత దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా, ఇనప బిళ్ళ చెక్కకన్నా చిన్నది కనుక పన్ను దగ్గర ఆ తేడా తగ్గిపోతుంది. టేపు ఎవరిదని అడిగితే మా అత్తయ్య కుట్టుమిషన్ పెట్టెలోదని, ఆ తరువాత కొన్నాళ్ళు ఇంట్లో ఆ విషయమై మాటలు లేవని మామయ్య నవ్వారు.

ఇక రెండవ ప్రశ్న. అవును, కాల్చారు. బజారుకు అమ్మలేదు కాని, అది పెద్ద తేడా అని నేను వాదించను. కార్తీకం నుంచి మాఘం దాకా తెల్లవారకముందే వెళ్ళి, బెల్టు వేసే వేళకు తిరిగి వచ్చేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తగ్గించారు. 1991 సవరణతో వేట లైసెన్సు అన్న మాటే లేకుండా పోయింది, ఆయన అంతకు కొన్నేళ్ళ ముందే తుపాకీని అప్పగించారు. మనసు మారి అప్పగించారని చెబితే అందంగా ఉంటుంది కాని, అది నిజం కాదు. ఆ చట్టం మీద ఆయన గొణుగుడు చాలా ఏళ్ళు సాగింది. పెద్ద వయసులో ఆయనను కొల్లేటి ఆటపాకకు తీసుకువెళ్ళినప్పుడు, గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి నిలబెట్టిన ఇనప స్టాండ్లను పక్షులకన్నా ముందు చూసి, వాటి అతుకుల గురించి పడవ నడిపే అతనితో చాలాసేపు మాట్లాడారు.

పక్షుల వివరాలు పుస్తకాల్లో ఉన్నాయి. తిథి, చోటు, గాలి దిక్కు రాశారు. పేర్లు ఊరి పేర్లే: చిలువ, పరజ, నత్తగుల్ల కొంగ, కంకణం. మీకు కావలసిన పేజీలు ఫొటోలు తీసి ఇస్తాను.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):

టేపు సంగతి చదివి కుర్చీలోంచి లేచాను. 127 సెంటీమీటర్లు యాభై అంగుళాలన్నది లెక్క తెలిసినవారెవరైనా చెబుతారు. దానిని చెక్క మీదికి తెచ్చి పన్ను కోయాలన్న ఆలోచన రావడం వేరు. 20, 63 జోడీ పక్కన ‘నట్టు వరకు’ అని రాశారు చూశారా, అక్కడ ఆయన పనితనం కనిపిస్తుంది. 63 పళ్ళతో కోస్తే ఒక్కో చుట్టుకు రెండు మిల్లీమీటర్లకు బదులు 2.016 వస్తుంది. పది చుట్ల నట్టులో ఆ తేడా మొత్తం మిల్లీమీటరులో ఆరో వంతు, కాస్త వదులుగా కోస్తే నట్టు ఎక్కుతుంది. పొడుగాటి మరలో తేడా పేరుకుపోయి మధ్యలోనే బిగుసుకుంటుంది. తెలియనివారు తప్పు నట్టుదనుకుని దానిని తిడతారు.

కొత్తగా పని నేర్చుకునేవారి కోసం ఇంకొక మాట. అంగుళాల లీడ్ స్క్రూ మీద మెట్రిక్ మర కోసేటప్పుడు హాఫ్ నట్‌ను (లీడ్ స్క్రూను పట్టుకునే నట్టును) మధ్యలో వదలకూడదు. టూలును వెనక్కి తీసి, మిషన్‌ను ఉల్టా తిప్పి మొదటికి రావాలి. వదిలితే రెండో కోతలో టూలు పాత గాడిలో పడదు. బెల్టు మీద నడిచే పాత లేత్‌లో ఉల్టా తిప్పాలంటే అడ్డబెల్టు వేయాలి. చేతులకు ఎంత పనో ఊహించుకోండి.

హల్లరు మిల్లు (తెనాలి):

మా నాన్నగారికి చిన్న హల్లరు రైసుమిల్లు ఉండేది, అందువల్ల ఈ మేస్త్రిగారిని నేను ఎరుగుదును. పోత ఇనుము పగిలితే ఆయన చేసే పని నా కళ్ళతో చూశాను. మా పంపు కేసింగ్ పగిలింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి, వారాలు పడుతుంది, అవతల ధాన్యం బస్తాలు మిల్లు గుమ్మం దాకా పేరుకున్నాయి. మా మిల్లు ఊకనే కుప్పపోసి నిప్పు పెట్టి, కేసింగ్‌ను అందులో నెమ్మదిగా వేడెక్కనిచ్చి, చీలికను ఉలితో నోరు తెరిచి, ఇత్తడి కడ్డీని కరిగించి అతికి (బ్రేజింగ్), వెంటనే బూడిదలో పాతిపెట్టి మర్నాటి దాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పోత ఇనుము గబాలున చల్లారితే పక్కనే మరో చీలిక వేస్తుంది. ఆ రాత్రి మా నాన్నగారు ఆ బూడిద కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, మేస్త్రిగారు మాత్రం లాకుల దగ్గర గాలం వేసుకుని కూర్చున్నారు.

డబ్బు లెక్క గురించి కూడా చెప్పాలి. సగం మంది రైతులు పని అప్పుడు చేయించుకుని, కుప్పలు నూర్చాక కళ్ళం దగ్గర ధాన్యం కొలిచేవారు. ఆ లెక్కలన్నీ మేస్త్రిగారి భార్య రాసేవారు. మీ నోటుపుస్తకాల్లో గుండ్రటి దస్తూరీ ఎక్కడైనా కనిపిస్తే అది ఆమెది. కొలిమికి బ్లోయర్ తిప్పిందీ ఆమే. ‘మేస్త్రిగారి జీవితం’ అని మనం ఒక్కరి పేర రాస్తున్నాం కాని, ఎవరి పంపు ఎప్పుడు చెడిందో, ఎవరు ఎన్ని బస్తాలు బాకీయో ఆమెకు తెలిసినంతగా ఆయనకు తెలియదు.

సీతానగరం (తాడేపల్లి):

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మేస్త్రిగారిని చూడలేదు. అయినా ఈ చర్చలో అందరూ ఆయన పనిని ఒకవైపు, ఏటి తిరుగుడును ఒకవైపు పెట్టి మాట్లాడటం నాకు సరిగా తోచలేదు. పశ్చిమ డెల్టాలో రెండింటినీ నడిపినది కాలువ కాలెండరు ఒక్కటే. ఆ నోటుపుస్తకాల తేదీలు చూస్తే ఇది రుజువవుతుందని నా అనుమానం.

సాధారణంగా జూన్‌లో కాలువలకు నీరు వదులుతారు. అంతకుముందు నెలా రెండు నెలలు ఇంజన్లు, పంపులు, ట్రాక్టర్ల దమ్ము చక్రాలు షెడ్డు ముందు వరుస కడతాయి, అప్పుడు మేస్త్రికి ఊపిరి సలపదు. నాట్లు పడ్డాక పని ఒక్కసారిగా పడిపోతుంది. శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా ఖాళీ. కాలువ నిండుగా ఉంటుంది, మురుగు డ్రెయిన్లు పొంగుతాయి, చేప కదులుతుంది. నవంబరు చివర కోతలతో పాటు మిల్లుల పని మొదలవుతుంది. అదే సమయానికి ఉత్తరాది నుంచి బాతులు దిగుతాయి కనుక తెల్లవారుజామున తప్ప ఆయనకు వేటకు వీలు ఉండదు. సంక్రాంతి దాటితే దుగ్గిరాల ప్రాంతంలో పసుపు తవ్వకం, కొమ్ములు ఉడకబెట్టడం, ఎండాక పాలిష్ డ్రమ్ములు. ఆ డ్రమ్ము ఇరుసులు, బుష్‌లు అరిగి వస్తాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే నీరు మడుగుల్లో మిగులుతుంది, అప్పుడు రాత్రిళ్ళు చేపల పని. గట్టు మీద షెడ్డు పెట్టుకున్న మనిషి ఇలా కాక ఇంకెలా బతుకుతాడు?

పట్నపు మేస్త్రికి ఈ ఖాళీ ఉండదు, పల్లెలో పొలం చేసే రైతుకు ఈ నైపుణ్యం ఉండదు. దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువ విడిపోయి పెదగంజాం దాకా వెళ్ళి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. సరుకు పడవలు నడిచిన రోజుల్లో పగిలిన పంపు, అరిగిన షాఫ్ట్ పడవ మీదనే ఆ గట్టుకు చేరేవి. షెడ్డు కాలువ మీద ఎందుకు ఉన్నదన్న దానికి అదే జవాబు అనుకుంటాను.

సీఎన్‌సీ కుర్రాడు (గన్నవరం):

పెద్దలు క్షమించాలి. నేను సీఎన్‌సీ మిషన్ (కంప్యూటరు నడిపేది) మీద పనిచేస్తాను. చదవడానికి ఇదంతా బాగానే ఉంది కాని, మనం కష్టాన్ని కళగా చూస్తున్నామేమో అని సందేహం. 40కి 127 అని పళ్ళ చక్రాలు వెతకనక్కరలేదు. చుట్టు 2 అని టైపు చేస్తే మిషన్ కోసేస్తుంది. ఆ రోజుల బెల్టు షెడ్లలో కంటికి అద్దాలు, బెల్టుకు కంచె ఉండేవి కావు. పంచె అంచు లైన్ షాఫ్ట్‌కు చుట్టుకుని ప్రాణాలు పోయినవారి గురించి మా తాతగారు చెప్పేవారు. బుష్ ఒకటి అరిగితే ఇప్పుడు బేరింగ్ కొని వేసుకోవడం చౌక. ఆ లేత్‌ను కాపాడమని అడగటంలో తప్పులేదు, కాని దానిని ఎవరు, ఏ పనికి వాడతారు?

కాలువగట్టు (గుంటూరు):

తమ్ముడు అడిగినది న్యాయమే. మా మేనమామగారి ఎడమచేతి ఉంగరపు వేలికి పైకణుపు లేదు. బెల్టు జారినప్పుడు చేత్తో ఎక్కించబోయి పోగొట్టుకున్నారు. దానిని ఆయన గొప్పగా చెప్పుకోలేదు, నాకు షెడ్డులో పని నేర్పమంటే చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు కూడా.

సీతానగరంవారి మాట మీద తేదీలు చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. చేపల పేజీలన్నీ ఆగస్టు, సెప్టెంబరు, ఏప్రిల్, మే నెలల్లో గుంపుగా ఉన్నాయి. ఒక్క విషయం మాత్రం కాలెండరుకు లొంగలేదు. వానాకాలంలో కొర్రమేను పిల్లలు ఎర్రటి ముద్దలా నీటి మీద తేలుతూ తిరుగుతాయి, కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో కొర్రమేను ఎరకు తెగబడి వస్తుంది, పట్టడం చాలా సులభం. ఆ ముద్ద కనిపించిన చోట ఆయన గాలం వేసేవారు కాదు, పక్కవారిని వేయనిచ్చేవారు కాదు. పట్టినవారి గాలం తెంపి కాలువలో పారేసి, గొడవ పడి వచ్చిన సందర్భం ఒకటి పుస్తకంలో ఆయన మాటల్లోనే ఉంది. మరి అదే మనిషి చిలువలను కాల్చారు. గూడబాతుగారు ఈ రెండూ పక్కపక్కనే రాసుకోవాలని నా మనవి.

రేపల్లె లంక (రేపల్లె):

1977 నవంబరు 19 తుపాను గురించి ఎవరూ ఎత్తలేదు కనుక నేను రాస్తున్నాను. దివిసీమలో ఉప్పెన నీరు తాటిచెట్ల నడుము దాకా వచ్చింది. పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. రేవులో నీరు తీశాక తాగునీటి బావులు, పొలాల బావులు అన్నీ ఉప్పుకు పోయాయి, వాటిని తోడి పారబోయడానికి ఇంజన్లు కావాలి. ఆ ఇంజన్లేమో ఉప్పునీటిలో మునిగి ఉన్నాయి. అప్పటికి పెనుమూడి, పులిగడ్డల మధ్య వంతెన లేదు. మీ మేనమామగారు పనిముట్ల పెట్టెతో పడవ దాటి వచ్చిన మేస్త్రుల్లో ఒకరని మా ఇంట్లో చెప్పుకునేవారు. గట్టు మీది లేత్ మేస్త్రి, వేలు తెగినాయన అంటే మీరు చెబుతున్నవారే అయి ఉంటారు.

ఆయన మొదట చేసిన పని ఇంజన్లను తిప్పవద్దని అందరికీ చెప్పడం. హ్యాండిల్ వేసి స్టార్టు చేయబోతే లోపలి ఉప్పునీటికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఉన్న నూనె, నీరు పూర్తిగా దించి, మంచినీటితో కడిగి, ఆ మీదట కిరోసిన్ పోసి, ఇంజెక్టర్ విప్పి ఆ రంధ్రంలో కొత్త నూనె వేసి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పించేవారు. ఆ వరుస తప్పితే రింగులు తుప్పు పట్టి సిలిండర్‌కు కరుచుకుంటాయి. మంచినీరే కరువైన చోట ఇంజను కడగడానికి నీళ్ళు అడిగితే ఎవరిస్తారు? పడవ మీద డ్రమ్ములతో కాలువ నీరు తెచ్చుకున్నారట. లేత్ లేని చోట ఆయన చేసిన పని అది, సీఎన్‌సీ మిషన్ ఉన్నా అక్కడ పనికి రాదు.

సీఎన్‌సీ కుర్రాడు (గన్నవరం):

రేపల్లె అన్నగారి మాట కాదనను. నా ప్రశ్న లేత్ గురించే. శిక్షణ సంస్థలో పిల్లలు మొదటి సంవత్సరం చేతి లేత్ మీదనే మొదలుపెడతారు, టూలు రాయి మీద పదును పెట్టడం, చిప్పు రంగు చూసి వేగం సరిచేయడం స్క్రీన్ మీద రావు. మా పాత శిక్షకులు ఒకరు ఇప్పుడు గుంటూరు వైపు ఒక ఐటీఐలో ఉన్నారు. అడిగి చూస్తాను. లైన్ షాఫ్ట్ తీసేసి మోటారు బిగించినదేనా?

కాలువగట్టు (గుంటూరు):

అవును, కరెంటు వచ్చాక మోటారు పెట్టారు. బెల్టుకు రేకు కవచం కూడా చేయించారు, వేలు పోయిన తరువాతే అయినా.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):

ఐటీఐకి వెళితే అంతకంటే మంచి చోటు లేదు. తరలించేవారికి కొన్ని జాగ్రత్తలు. తాడు బెడ్ కిందుగా వేయాలి, స్పిండిల్‌కు గాని లీడ్ స్క్రూకు గాని వేసి ఎత్తకూడదు. సాడిల్‌ను (టూలు పట్టే బండిని), టెయిల్‌స్టాక్‌ను (ఎదురు చివర ఆనించే దిమ్మను) చివరకు జరిపి బిగించి, ఎత్తినప్పుడు బరువు సమంగా ఉండేలా చూసుకోవాలి. కొత్త చోట నేల గట్టిపడకముందే నాలుగు మూలలా బిగించేస్తే బెడ్ మెలిపడుతుంది. బిగించాక ఒక కడ్డీని చక్‌లో పట్టి, రెండో చివర వదిలేసి, దాని మీద దూరదూరంగా రెండు గుబ్బలు వదిలి, ఒకే అమరికలో రెండింటినీ సన్నగా తిప్పి మైక్రోమీటరుతో కొలవండి. రెండూ ఒకటైతే బెడ్ తిన్నగా ఉన్నట్టు. తేడా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు పాదం కింద పలచని రేకు వేసి మళ్ళీ చూడాలి. కొలిచేముందు కడ్డీ చల్లారాలి. రెండంగుళాల గన్‌మెటల్ బుష్ నలభై డిగ్రీలు వేడెక్కితే అంగుళంలో వెయ్యోవంతుకు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. ఉక్కు కొంచెం తక్కువ పెరుగుతుంది, అయినా పెరుగుతుంది. ఇరుసుకు బుష్‌కు మధ్య మనం వదిలేదే అంగుళం వ్యాసానికి ఒక వెయ్యోవంతు కదా.

కాలువగట్టు (గుంటూరు):

తాజా సమాచారం. ఐటీఐ శిక్షకులు వచ్చి చూసి వెళ్ళారు. లేత్, షేపింగ్ మిషన్ రెండూ తీసుకుంటామన్నారు, ఇంట్లోవారు ఒప్పుకున్నారు. వల గుండ్ల అచ్చు కోసం లంక నుంచి ఇద్దరు జాలరులు తామే వచ్చి అడిగారు, ఇచ్చేశాను. పక్షుల పేజీలు గూడబాతుగారికి పంపుతున్నాను. అత్తయ్య దస్తూరీలో ఉన్న లెక్కల పుస్తకాలు మాత్రం మా దగ్గరే ఉంటాయి. ఇంకా బాకీలున్న ఇళ్ళ పేర్లు వాటిలో ఉన్నాయి, వాటిని బయట పెట్టడం మర్యాద కాదు.

ఒక చిక్కు మిగిలింది. 127 చక్రం ఉంది, దాని జోడు 40 పళ్ళ చక్రం షెడ్డంతా వెతికినా కనిపించలేదు. శిక్షకులు జోడుగానే కావాలంటున్నారు. ఆటోనగర్‌లో దొరుకుతుందా?

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):

దొరుకుతుంది, దొరకకపోతే కోయిస్తాను. పళ్ళ సంఖ్య ఒక్కటే చాలదు, పన్ను కొలత తెలియాలి. 127 చక్రం బయటి వ్యాసం కొలిచి చెప్పండి. 8.06 అంగుళాల దగ్గర వస్తే 16 డీపీ, 9.21 దగ్గర వస్తే 14 డీపీ (డీపీ అంటే చక్రం వ్యాసంలో అంగుళానికి ఎన్ని పళ్ళన్న లెక్క). పళ్ళు బేసి సంఖ్య కనుక ఎదురెదురుగా పన్నుకు పన్ను రాదు, ఇంత పెద్ద చక్రంలో ఆ తేడా లెక్కలోకి రాదు. ఇరుసు రంధ్రం ఎంత, కీ గాడి వెడల్పు ఎంత అన్నవి కూడా రాయండి. కొలిచేముందు పళ్ళ మీది పాత గ్రీజు కిరోసిన్‌తో తుడవండి, లేకపోతే అదీ కొలతలో కలుస్తుంది.